కొండ కనపడిందని రాసిన రోజు

మబ్బుల రైటరు

ఊళ్ళో నన్ను మబ్బుల రైటరు అనేవారు. తాలూకా కచేరీలో భూముల రైటరు ఉన్నాడు, పోలీసు స్టేషనులో కేసుల రైటరు ఉన్నాడు, మబ్బులకు నేను. వాళ్ళిద్దరికీ చేతినిండా పని. మా సీమలో మబ్బు పట్టే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. అట్లా కనపడని వస్తువు గురించి రోజుకు రెండుసార్లు సర్కారుకు రాసి పంపడానికి నాకు జీతమిచ్చేవారు. మా పక్కింటి అవ్వ ఈ సంగతి ఎంతకీ నమ్మేది కాదు.

"వాన రాలేదని చెప్పేదానికి గూడా మనిషిని పెట్టినారా అబ్బయా? ఆ మాట ఊరకే నేను చెప్తును గదా!" అనేది.

సర్వీసంతా చేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. అవ్వకు చెప్పదగ్గ జవాబు ఇంకా దొరకలేదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే కుర్రవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు వదిలేస్తున్నాను. వాటి మీద మోజున్నవాడు నా సర్వీసు పుస్తకం తెప్పించుకుని చదవవచ్చు, నిద్ర పట్టనివాళ్ళకు మంచి మందు. ఊరి పేరు కూడా రాయను. నల్లమల కింద, కర్నూలు జిల్లా, కడప జిల్లా ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట అనుకోండి చాలు. ఇందులో ఉన్నవాళ్ళలో సగం మంది బతికే ఉన్నారు, మిగతా సగం మంది కొడుకులు వకీళ్ళు.

పని ఇదీ. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి కాంపౌండులోకి పోవాలి. కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె తెరిచి అందులోని వేడిగొట్టాలు, అంటే థర్మామీటర్లు, చూడాలి. వాన గేజీలో ఏమైనా పడిందేమో చూడాలి. గాలి ఎటునుంచి వస్తోందో చూడాలి. వీటన్నిటికీ పరికరాలున్నాయి. చివర రెండు కాలమ్‌లకు మాత్రం పరికరం లేదు. ఆకాశంలో మబ్బు ఎంత ఉంది, మనిషి చూపు ఎంత దూరం ఆనుతోంది. ఈ రెండూ కళ్ళతో చూసి రాయాలి. చూపు దూరానికి ప్రతి స్టేషనుకూ గుర్తుల జాబితా ఒకటి ఇస్తారు. మా జాబితాలో మూడు గుర్తులు. పత్తిమిల్లు పొగగొట్టం, దాని వెనక ఎర్రగుట్ట, అన్నిటికన్నా దూరంగా నల్లమల శిఖరం, మేం కొమ్ము అనేది. కొమ్ము కనపడితే చూపు దివ్యంగా ఉన్నట్టు. గుట్ట కూడా కనపడకపోతే సంగతి చెడినట్టు. అంతా కలిపి అంకెల్లోకి మార్చి టెలిగ్రాము కొట్టాలి.

ఇందులో కష్టమేముంది అంటారు. కష్టం లేకపోవడమే ఈ ఉద్యోగంలో ఉన్న చిక్కు.

చెంబు బోర్లించిన ఊరు

మొదట నన్ను వేసింది ఆలూరు పక్కన. నల్లరేగడి నేల, జొన్న, పత్తి, మిగతాది దేవుడి దయ. అక్కడ వాన గేజీ ఒక్కటే నా సంసారం. ఓ ఏడు పైర్లు మాడిపోతున్నాయి. గేజీలో వాన తక్కువ పడితే శిస్తు మాఫీ చేస్తారని ఊళ్ళో ఎవరో మాట పుట్టించారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. నేను తడిసి ముద్దయ్యాను. మరునాడు పొద్దున పోయి చూస్తే గేజీలో చుక్క లేదు. దాని నోటి మీద ఇత్తడి చెంబు బోర్లించి ఉంది. గాలికి పోకుండా చెంబు మీద రాయి కూడా పెట్టారు.

నేను పిలవకముందే ఊరి పెద్దరైతు బసప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా రైటరూ, ఎంత కురిసిండాది?"

"చెంబు బోర్లిస్తే ఎంతని రాయాలప్పా?"

"చెంబా? ఎవురో పాపం మరిచిపోయినట్టుండారు. నువ్వు గేజీలో ఏముంటే అదే రాయప్పా. అబద్ధం రాయమని మేం అంటామా?"

గేజీ మూసి ఉన్నందువల్ల వాన కొలవలేదని రాసి పంపాను. నా సర్వీసులో నేను గర్వపడే వాక్యాలు రెండో మూడో ఉన్నాయి, అది ఒకటి. పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: "గేజీని మూసి ఉంచరాదు." వారం తర్వాత బసప్ప భార్య మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దుడ్లు పెట్టి కొన్న చెంబప్పా, ఇచ్చేయ్" అంది.

ఇచ్చేశాను. ఆ ఏడు శిస్తు మాఫీ కాలేదు. అయినా ఆ ఊరివాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఆకాశం మీద ఎవరికీ పెత్తనం లేదు గనక దొరికిన డబ్బా మీద పెత్తనం చేశారు. వాళ్ళకు కనీసం కారణం ఉంది.

శేషాచారి గారి చదువు

తర్వాత సొంత ఊరికే వేశారు. అక్కడ నా పై అధికారి శేషాచారి గారు. మంచివాడు. ఎవరి మీదా గొంతెత్తి ఎరుగడు. నన్ను కొడుకులా చూశాడు, కొడుకును చెడగొట్టినట్టే చెడగొట్టాడు.

ఆయన చేతిరాత ముత్యాలు. రిజిస్టరులో కొట్టివేత కనపడితే ఆయనకు అన్నం సయించేది కాదు. సంక్రాంతి పోయాక ఒక మంచిరోజు చూసుకుని కూర్చుని, ఉగాది వచ్చేదాకా వాన కాలమ్‌లో సున్నాలన్నీ ఒకేసారి రాసేసుకునేవాడు.

"చూడు నాయనా, రోజుకొక సున్నా పెడితే ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వస్తుంది. ఒక్క ఊపులో పెడితే వరస కుదురుతుంది" అని నాకు నేర్పించాడు.

మధ్యలో వాన వస్తే ఏం చెయ్యాలని అడిగాను.

"వస్తుందా?" అన్నాడు.

రాలేదు. నాలుగేళ్ళు చూశాను, ఆయన సున్నాలు ఒక్కటీ తప్పు పోలేదు. ఇంకేం, నమ్మాను. నల్లమల కొమ్ము సంగతీ అంతే. ఆ కొమ్ము చూడాలంటే ఆఫీసు మిద్దె ఎక్కాలి, కాంపౌండులో నిలబడితే ప్రహరీగోడ అడ్డం. మొదట్లో రోజూ ఎక్కాను. రోజూ కొమ్ము అక్కడే ఉంది. కొండ యాడికి పోతుంది? తర్వాత తర్వాత వేడిగొట్టాలు చూసి, నెత్తిన ఆకాశం చూసి, కొండను కూర్చున్నచోటే రాసేవాణ్ణి. శేషాచారి గారు రిటైరయ్యారు, స్టేషను నా చేతికొచ్చింది, అలవాటు మాత్రం రిటైరు కాలేదు.

ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళందరూ మా రిజిస్టరును మెచ్చుకునేవారు. తప్పు ఎక్కడ దొరుకుతుందని వెతికేవాడికి తెల్లగా, శుభ్రంగా ఉన్న పేజీని మించి నిద్రపుచ్చే దిండు లేదు.

పడుగు పరచని పొద్దు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా టెలిగ్రాములు ఇక మీద విమానాలకు కూడా కావాలని తాఖీదు వచ్చింది. నాకు ఛాతీ కొంచెం ఉబ్బింది. ఊళ్ళో పది మందికి ఆ తాఖీదు చూపించాను. మిద్దె మాత్రం ఎక్కలేదు.

మావాళ్ళది నేతపని. మా నాన్న మగ్గం మీదే పోయాడు. స్కూలు ఫైనలు గట్టెక్కి మగ్గం గుంటలోంచి బయటపడిన మొదటివాణ్ణి నేను. నా భార్య ఓబుళమ్మ తండ్రి చౌడప్ప మామ మా నేతవీధికి పెద్ద. నేతపని తెలియనివాళ్ళకు ఒక్క సంగతి చెప్పాలి. నూలు మగ్గం ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టించాలి. ఇంట్లో చోటు చాలదు. అందుకని తెల్లవారుతూనే వీధి పొడవునా కర్రల మీద పడుగులు చాచి, గంజి పూసి, కుంచెలతో దువ్వి ఎండకు ఆరనిస్తారు. చెమ్మ ఉన్న రోజు పరిస్తే గంజి ఆరక పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఒక ఇంటి నెల పని మట్టిలో కలుస్తుంది. అందుకే పరిచే ముందు మామ వీధి చివరికి పోయి నల్లమల వైపు చూస్తాడు. కొండ మబ్బును తలగుడ్డగా చుట్టుకునిందంటే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. ఆ పొద్దుకు ఎవరూ పరచరు.

అది కార్తీకం. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పడిందని ముందురోజు కబురు వచ్చింది. పొద్దున కాంపౌండులో నిలబడి చూస్తే నెత్తిన పలచటి మబ్బు, అంతకుమించి ఏమీ లేదు. వేడిగొట్టాలు చూశాను, గేజీ చూశాను. మిద్దె వైపు కూడా చూశాను. ఎక్కుదామనే అనుకున్నాను, ఒట్టు. అప్పుడే ఇంట్లోంచి ఓబుళమ్మ కేకేసింది. మా ఇల్లు, ఆఫీసు ఒకే కాంపౌండు.

"ఏమయ్యో, ఉగ్గాని దించినా, బజ్జీలు ఏస్తాండా. ఆ తంతి పని చూసుకోని జల్దీ రా. చల్లారిపోతే నన్ననొద్దు."

ఉగ్గాని అంటే బొరుగుల ఉప్మా, చల్లారితే బాగుండదు. "నల్లమల కొమ్ము: స్పష్టం" అని రాశాను. అంకెలు కట్టి, టెలిగ్రాము పట్టుకుని తంతి ఆఫీసుకు పరుగెత్తాను. దారి నేతవీధి మీదుగానే. రోజూ అయితే పడుగుల కింద వంగి, గంజి మరకలు తప్పించుకుంటూ పోవాలి. ఆ పొద్దు వీధిలో ఒక్క పడుగూ లేదు. దారి సాఫీగా ఉందే అనుకుని ఇంకాస్త వేగంగా పోయాను. నేతవాడి కొడుకును, నేతవాడి అల్లుణ్ణి, పైగా వాతావరణం చూసే ఉద్యోగిని. వీధి ఎందుకు ఖాళీగా ఉందని నాకు తట్టలేదు. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

తిరిగొచ్చి ఉగ్గాని తింటుండగా విమానం చప్పుడు వినిపించింది. ఊరి మీదుగానే పోయింది గానీ కనపడలేదు, మబ్బు చాటున ఉంది. చప్పుడు కొండ వైపుకు పోయింది. పోయి పోయి, ఒక్కసారిగా లేదు. దూరమైందో ఆగిపోయిందో ఎవరికీ తెలియలేదు. నా నోట్లో ముద్ద అట్లాగే ఉంది. చెయ్యి కడుక్కోకుండా మిద్దె ఎక్కాను.

కొండ లేదు. ఎర్రగుట్ట కూడా లేదు. మిల్లు పొగగొట్టం వెనక తెల్లగా, సున్నం కొట్టిన గోడలా మబ్బు నేల మీదికి దిగి ఉంది.

కిందికి దిగి రిజిస్టరు ముందు కూర్చున్నాను. దిద్దాలంటే ఒక్క గీత. రిజిస్టరులో కొట్టివేత పడుతుంది, టెలిగ్రాము ఎట్లాగూ పోయింది, అసలు విమానం క్షేమంగా పోయిందేమో. ఇట్లా ఒకటి తర్వాత ఒకటి మంచి మంచి కారణాలు దొరికాయి. పిరికివాడికి కారణాల కరువు ఉండదు. రిజిస్టరు మూసేశాను.

శుభ్రమైన రిజిస్టరు

మూడో రోజు అడవిలో తేనె తీసే చెంచులు ఒక మనిషిని వెదురు డోలీలో మోసుకుని వచ్చారు. విమానం కొమ్ముకు కాస్త కింద బండకు కొట్టుకుంది. నలుగురిలో ముగ్గురు పోయారు. బతికినవాడు వైర్‌లెస్ పని చేసేవాడు, గోదావరి వైపు కుర్రవాడు, పేరు రామమూర్తి. కాలు రెండు చోట్ల విరిగింది. చెంచులు పసరు పూసి కట్టిన కట్టు చూసి మా ఆసుపత్రి డాక్టరే మెచ్చుకున్నాడు.

విచారణకు తెల్లదొర ఒకడు వచ్చి ముసాఫిరు బంగళాలో దిగాడు. పెద్ద ఆఫీసరు, మర్యాదస్థుడు, తొందరలో ఉన్నవాడు. ఇంకా రెండు విమానాల విచారణలు అతనికి బాకీ ఉన్నాయట. నేరుగా మా ఆఫీసుకొచ్చి రిజిస్టరు అడిగాడు. ఆ పేజీ చూశాడు, వెనక పేజీలు తిప్పాడు.

"ఇంత శుభ్రమైన రిజిస్టరు ఈ దేశంలో నేను చూడలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

థాంక్యూ సర్ అన్నాను. అవును, ఆ మాట అన్నాను. ఈ పుస్తకంలో ఇంకేది దాచినా అది దాచకూడదు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో రామమూర్తిని విచారించేటప్పుడు రిజిస్టరు తీసుకుని నన్నూ రమ్మన్నాడు. కుర్రవాడు మంచం మీద పడుకుని ఉన్నాడు. అడిగినప్పుడల్లా ఒకే మాట చెప్పాడు: మబ్బులోకి పోయాము, ఏమీ కనపడలేదు, ఎత్తు పెంచాలని పైలటు కేకవేసి కడ్డీ లాగుతుండగానే కొట్టుకుంది. దొర నా రిజిస్టరు అతని ముందు పెట్టాడు. ప్రమాదానికి అరగంట ముందు కొండ స్పష్టంగా కనపడిందని ఇక్కడ రాసి ఉంది, మబ్బు లేదు, మీ పైలటు సరదాకు విమానాన్ని కిందికి దించి ఉంటాడు అన్నాడు.

పైలటు పేరు దేశ్‌పాండే. పూనా వైపు వాడు. తల్లికి ఒక్కడే కొడుకు. విచారణలో ఏం తేలితే అది ఆ తల్లికి ఉత్తరంగా పోతుంది. నీ కొడుకు తన తప్పు వల్లనే పోయాడు, ఇంకో ఇద్దరిని చంపాడు అని.

రామమూర్తి నా వైపు తిరిగాడు. తెలుగులో అడిగాడు.

"మీరేనాండీ ఇది రాసింది?"

"అవును."

"ఆ వేళప్పుడు కొండ కనపడిందాండీ మీకు?"

దొర చూస్తున్నాడు. డాక్టరు చూస్తున్నాడు.

"రిజిస్టరులో ఉన్నదేనండీ" అన్నాను.

అతను రిజిస్టరు తన వైపు తిప్పుకుని ఆ వరస మళ్ళీ చూశాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "మరి నాకెందుకు మబ్బు కనపడిందీ? దెబ్బకి మతిపోయిందేమో" అన్నాడు. దొర ఆ మాటకు అర్థమేమిటని అడిగితే డాక్టరు చెప్పాడు. దొర అది రాసుకున్నాడు.

కోపం తెచ్చుకుని తిట్టినా బాగుండేది. బతికి బయటపడ్డవాడు తన కళ్ళను తానే నమ్మకుండా చేశాను. ఆ సంగతి తెలిసి కూడా రిజిస్టరు చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను.

ఇంగ్లీషు చెప్పిన రోజు

అన్నం కలిపి పక్కకు తోశాను. ఏమైందని ఓబుళమ్మ అడిగింది. చెప్పేశాను, ఉగ్గాని సంగతితో సహా. ఆమె గరిటె కింద పెట్టింది.

"నేను పిలిస్తే రాకుంటే ఏమయ్యేది? తిడుతును. అంతే గదా!" అంది. మళ్ళీ తనే, "ఇప్పుడు పోయి చెప్పేయ్" అంది.

"చెప్తే ఉద్యోగం పోతుంది."

"పోతే మగ్గం ఉండాది. మా నాయనా, మీ నాయనా గుంటలో కూచోనే గదా మనల్ని సాకింది. నీకేమన్నా సిగ్గా?"

సిగ్గే. ఆమె ముందు ఒప్పుకోలేదు. తెల్లవారి మామ దగ్గరికి పోయాను. మామ కుంచె కడుగుతూ అంతా విన్నాడు.

"ఆ పొద్దు కొండ యాడుంది రా? నలభై ఇండ్లోళ్ళం చేతులు ముడుచుకోని కూచున్యాం. నువ్వు ఈ వీధిలోనే పోతివి గదా, మా ముందరే?"

"పోయినా మామా."

"కండ్లు యాడ పెట్టుకోనుంటివి?"

 మామ కుంచె పక్కన పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని "పద" అన్నాడు.

దొర బంగళా వరండాలో కాగితాలు టైపు చేయించుకుంటున్నాడు. మధ్యాహ్నం బండికి పోవాలి. దారిలో కూడబలుక్కున్న మూడు వాక్యాలు ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఆ పొద్దు నేను కొండను చూడలేదు. చూసినట్టు రాశాను. కొండ మీద మబ్బు ఉండింది.

దొర కళ్ళద్దాలు తీశాడు.

"చూడలేదంటున్నావు. మబ్బు ఉందంటున్నావు. చూడనివాడికి ఎట్లా తెలుసు?"

విమానం చప్పుడు ఆగాక మిద్దె ఎక్కి చూశానని చెప్పాను. మరి అప్పుడే ఎందుకు దిద్దలేదని అడిగాడు.  నా మాట ఇక చెల్లదని అతని ముఖంలోనే తెలిసింది. ఒకసారి అబద్ధం రాసినవాడు రెండోసారి నిజం చెబుతున్నాడని ఎవడు నమ్ముతాడు? అప్పుడు మామను చూపించాను. ఇక ఆ వరండాలో మామకూ దొరకూ మధ్య దుబాసీ పని నాది.

"వాతావరణం గురించి ఈయనకు ఉన్న అర్హత ఏమిటి?" అన్నాడు దొర.

"మబ్బు సంగతి నీకెట్లా తెలుసని అడుగుతాండాడు మామా."

"తెలవకుంటే మేం బతికేదెట్లా అని అడుగు."

అడిగాను. మామ గొంతు సవరించుకున్నాడు.

"దొరా, ఆ పొద్దు మా వీధిలో ఒక్క పడుగు పరచల్యా. నల్లమల కాదు గదా, ఎర్రగుట్ట గూడా కనపడల్యా. ఒక పొద్దు పని పోగొట్టుకునేదానికి మాకేం కొవ్వా? మబ్బు చూసినాం గాబట్టే మానుకున్యాం. ఇంటింటికీ పోయి అడుగు, నలభై ఇండ్లోళ్ళూ చెప్తారు."

దొర అంతా విని, కలం పట్టుకుని అడిగాడు: "ఇది ఎక్కడైనా రాసి ఉందా?"

చెప్పాను. మామ దొరను చూడడం మానేసి నన్ను చూశాడు.

"రాసేటోడు వీడే గదా దొరా! చూసేటోళ్ళం మేము. చూసేటోళ్ళకు రాసేది రాదు, రాసేటోడికి చూసేదానికి తీరిక లేదు. ఈ పనికిమాలినోడు ఆ పొద్దు నన్నొక మాట అడిగింటే సరిపోయేది. ఊ, అది గూడా చెప్పు. మింగొద్దు."

మింగకుండా చెప్పాను. పనికిమాలినోడు అన్న మాటకు ఇంగ్లీషు కోసం కాసేపు తడుముకున్నాను. దొర చెయ్యెత్తి, అర్థమైందిలే అన్నాడు. జీవితంలో నేను చేసిన అనువాదాల్లో అదొక్కటే పొల్లుపోకుండా వచ్చింది.

నాకు ఇంకొకటి అడగాలని ఉంది. రాత్రంతా అదే నలిగింది. వాళ్ళు నా టెలిగ్రాము చూసుకునే ఆ దారిన వచ్చారా అని అడిగాను. దొర కాగితాలు తిరగేశాడు. నా టెలిగ్రాము చేరేసరికే విమానం బయల్దేరి చాలాసేపు అయింది. చేరాక కూడా అది మధ్యాహ్నం దాకా ఒక బల్ల మీద పడి ఉంది, ఎవరూ చదవలేదు.

అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం దాని అర్థం తెలిసింది. ఇన్నేళ్ళు నేను పంపిన మబ్బులను ఎవరూ చదవలేదు. మొదటిసారి చదివింది చచ్చినవాడి మీద తప్పు మోపడానికి.

దొర టైపు చేసిన కాగితం లాక్కుని రెండు చోట్ల కొట్టేసి, మీద చేత్తో రాశాడు. ఆ రాసింది నాకు చదివి వినిపించాడు కూడా. ఆ వేళ వాతావరణం గురించి నమ్మదగిన ఆధారం లేదు, ప్రమాదానికి కారణం తేలలేదు. పైలటు పొరపాటు అన్న మాట పోయింది. నన్ను ఏం చెయ్యాలో మా ఆఫీసు చూసుకుంటుందన్నాడు. చూసుకుంది. ప్రమోషన్ల గురించి రాయనన్నాను గనక శిక్షల గురించి కూడా రాయను.

బంగళా గేటు దాటాక మామ అడిగాడు.

"మబ్బు ఉండిందని రాసినాడా?"

"లేదు మామా. తెలవదని రాసినాడు."

"నలభై ఇండ్లోళ్ళు చూసింది చెప్తే గూడా తెలవదా?" మామ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. "వీళ్ళు లోకాన్ని ఎట్లా ఏలుతాండారో ఏమో!"

నేను మాత్రం ఆ 'తెలియదు'కు దండం పెట్టాను. మీరు ఈ ఉద్యోగంలో ఎంత కాలం చేస్తే అంత తెలుస్తుంది, సర్కారు చేత ఆ ఒక్క మాట రాయించడం ఎంత కష్టమో. మీకు తెలియనప్పుడు మీరూ అదే రాయండి. కాలమ్ ఖాళీగా ఉంటే మెమో వస్తుంది. రానివ్వండి. మెమోతో ఎవరూ చావరు.

శేషాచారి గారి మీద నింద వేయడం సులువు. చాలా రోజులు వేశాను కూడా. కానీ సున్నాలు ముందే రాయమన్నాడే గానీ కళ్ళు మూసుకోమని ఆయన చెప్పలేదు. ఆ రెండోది నా సొంతం.

ఆసుపత్రి

అక్కడినుంచి మామను ఇంటికి పంపి ఒక్కణ్ణే ఆసుపత్రికి పోయాను. దొరకు చెప్పడం కన్నా ఇది కష్టమని గుమ్మంలో తెలిసింది. రామమూర్తి మేలుకుని గోడ వైపు చూస్తున్నాడు. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని నర్సు చెప్పింది. నన్ను చూసి లేవబోయాడు, మర్యాదకు. కాలు కదల్లేదు.

"మబ్బు ఉండిందండీ" అన్నాను నిలబడే. "ఎర్రగుట్ట దాకా దిగి ఉండింది. మీ మతి పోలేదు, మీ కళ్ళు బాగున్నాయి. చూడకుండా రాసింది నేను. దొరతో చెప్పి వస్తున్నాను. దేశ్‌పాండే గారి తప్పు అన్న మాట కొట్టేశారు."

అతను నా ముఖంలోకి చూశాడు. 

"ఉంది కదండీ?"

"ఉందండీ."

"ఉంది కదా... నేను చెబుతూనే ఉన్నానండీ" అంటూ మోచెయ్యి కళ్ళ మీద పెట్టుకుని ఏడ్చాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఓదార్చే యోగ్యత నాకు లేదని తెలిసి ఊరుకున్నాను. నాకూ కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకున్నాను. చాలాసేపటికి అతను నెమ్మదించాడు. నీళ్ళు అడిగితే ఇచ్చాను. తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగాడు.

"కొండని ఎక్కడినుంచి చూడాలండీ మీరు?"

"మా ఆఫీసు మిద్దె మీదినుంచి."

"మిద్దెకి ఎన్ని మెట్లండీ?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే ఉంది. మనసులో ఒక్కొక్కటే ఎక్కుతూ లెక్కపెట్టుకున్నాను.

"పన్నెండు" అన్నాను.

అతను కట్టు కట్టిన తన కాలు వైపు చూసుకున్నాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు.

"అంతేనాండీ?" అన్నాడు.